మాసిక

గంటస్తంభం కాడ రఫూ పని నాది.
పెళ్ళి పట్టుచీరలు, పోలీసోళ్ళ ప్యాంట్లు,
ఎలకలు కొట్టిన సన్మానం శాలువాలు.
ఏ గుడ్డైనా ఎలుగుకి ఎత్తి పట్టుకుంటే
దాని సంగతి అదే సెప్పీస్తాది.

మ్యూజియం అనూరాధమ్మ కబురెట్టింది:
"జర్మనీ బట్టలు, అప్పలనరసమ్మా.
అప్పుడెప్పుడో సాలూరు ఆస్పత్రికొచ్చిన
నర్సమ్మ ట్రంకుపెట్టెలోవి.
వాళ్ళ ఊళ్ళో పండక్కి తొడుక్కునేవట.
పురుగు తినేసింది, వేగిరం రా."

గాజు బీరువాలో నిలబెట్టింది
చీరల కొట్టు బొమ్మని.
నుదుటి మీద స్టిక్కరు గీకీసినా
గుండ్రటి మచ్చ పోనేదు.
మోచెయ్యి వంగదు గావాల,
రవికె చేతులు ఎనకాల పిన్నీసులెట్టి లాగి పట్టినారు.

నల్ల ఉన్ని పావడా.
తడిసిన గొంగళంత బరువు.
డెబ్బైరెండు కుచ్చిళ్ళు, రెండుసార్లు లెక్కెట్టినాను.
రొమ్ము మీద ఎండి గుండీలు పదకొండు.
పన్నెండో దాని చోట
బెజ్జం పొడిచిన కుంకుడు గింజ.

ఈ ఎండల్లో ఇదేసుకుని ఎక్కడికెళ్ళిందో ఆ మనిషి!
ఎళ్ళింది మాత్రం నిజం.
చంకల్లో ఉప్పు చారలు కట్టింది.
నడుం కాడ ఓసారి ఇప్పి వొదులు చేసినారు,
మరి కొన్నాళ్ళకి బాగా లోపలికి కుట్టీసినారు.
జొరమేదో పీల్చీసుంటాది.

నలభయ్యో కుచ్చిడి మడత తీస్తే
అరచెయ్యంత మాసిక.
ఉన్ని కాదు. పెదాల మీద ఆనించి చూసినాను.
పొందూరు నూలు,
వాలుగ చేప దవడతో ఏకిన దూది మెత్తన.
కరక్కాయా ఇనప తుప్పూ నానేసి
నలుపెక్కించినారు, పక్కదానికి తీసిపోకండా.
కుట్టు ఎడం పక్కకి వాలుంది.
ఎడం చేతి మనిషి.

నర్సమ్మ పేరు ట్రంకు మూత మీదుంది,
తెల్ల రంగుతో, పొడుగ్గా.
ఈవిడ పేరేటి?

"ఆ పాత అతుకు పీకెయ్,
అది జర్మనీది కాదు కదా" అంది అనూరాధమ్మ.
నల్ల ఉన్ని ఉండ చేతికిచ్చింది.
"గింజ కూడా తీసెయ్యి."

ముప్పయ్యేళ్ళుగా సూది పట్టినాను.
గుడ్డ ముందర అబద్దం ఆడినదాన్ని కాదు.
"తీస్తే కుచ్చిళ్ళన్నీ జారిపోతాయమ్మా" అన్నాను.
"గింజ తీస్తే గుడ్డ చిరుగుతాది."
ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది,
ఏటీ అననేదు.

పురుగు కన్నాలన్నీ ఉన్నితో పూడ్చినాను.
మాసిక అంచు ఓ మూల లేచిపోతంటే
నాలుగు కుట్లేసినాను.
కుడిచేతి కుట్టు దాని పక్కన
ఎదురుగా వాలిందని
ఇంటికెళ్ళే ఆటోలో తట్టింది నాకు.

మజూరీ మూడొందల యాభై.
వోచరు మీద "మరమ్మతు చేసినవారు" అన్న కాడ
ఒక్క పేరుకే గీత గీసుంది.
నా పేరు సన్నగా, ఓ చివరకంటా రాసినాను,
పక్కన కొంచెం జాగా ఉండీటట్టు.