చుక్కల గీత

షికాగోలో ఫిబ్రవరి.
స్టేట్ స్ట్రీట్ మీద ఉప్పు చల్లిన మంచు
బూట్ల కింద కరకరమంటోంది.
ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున
ఒక గోతిలో తడి ఎంతుందో కొలవడానికి వచ్చాను.

బట్టల దుకాణం వెనక, చెత్తడబ్బాల గది పక్కన
పేరు రాయని తలుపు.
తాళాలు ఎర్లీన్ మాబ్రీ నడుముకున్నాయి.
"మెట్లు జాగ్రత్త, తొంభై ఒకటి.
ఎస్కలేటరుకి చోటైతే వదిలారు."

కింద స్టేషన్.
ఆమె చెబితేనే తెలిసింది అది స్టేషనని.
స్తంభాలున్నాయి, పైకప్పుంది,
ప్లాట్‌ఫాం అంచున పసుపుపచ్చ గీత కూడా వేశారు,
పడిపోవడానికి పట్టాలే లేవు.
మూలన పంపు గురక పెడుతోంది.
సరస్సు ఊరుకుంటుందా,
పూటపూటకీ ఇంత అని లోపలికి వస్తూనే ఉంటుంది.
"ఇక్కడికి టైముకి వచ్చేది నీళ్ళొక్కటే."

ఎందుకు కట్టలేదని అడిగాను.
డబ్బు చాల్లేదని పై వాళ్ళంటారు.
కుర్చీలో మనిషి మారాడనీ అంటారు.
పట్టా లేదు, బండి లేదు,
టిక్కెట్టు ధర మాత్రం అప్పటికే ఖాయం.

ఎర్లీన్ టార్చి గోడ మీదకి తిప్పింది.
టేపు ఊడిపోతున్న పటం,
కాజిమీర్ ద్రోజ్ద్ అనే ఇంజనీరు వదిలేసి పోయినది.
ఇక్కణ్ణించి ఎయిర్‌పోర్టు దాకా ఎర్ర గీత,
ఒక్కచోట అది చుక్కలైపోయింది.
అక్కడ రెండో పట్టా కావాలి,
వెనకొచ్చే వేగపు రైలు
ముందున్న నీలం రైలుని దాటడానికి.
అటు కార్లు, ఇటు కార్లు,
నడుమ చాప పరిచేంత జాగా.
చుక్కలు పెట్టాడు, ముగ్గు కలవలేదు.
కలవకపోతే
సందులో పెళ్ళి ఊరేగింపు వెనక
చిక్కుకున్న అంబులెన్సే అది,
ఎంత మోగినా.

ఇంకో దారుంది.
నీలం రైలే పక్కకి తప్పుకుని ఆగాలి.
తెల్లారగట్ల నాలుగున్నరకి
అందులో ఎవరుంటారో తెలుసా అంది ఎర్లీన్.
ఆ ఎయిర్‌పోర్టుకే పోయేవాళ్ళు.
పెట్టెలు విసిరేవాళ్ళు, దొడ్లు కడిగేవాళ్ళు,
రొట్టె మధ్య గుడ్డు పెట్టి కాగితం చుట్టేవాళ్ళు.
వాళ్ళు విమానం ఎక్కరు,
వాళ్ళు చేరకపోతే అది లేవదు.

లోగన్ స్క్వేర్‌లో, బడి జిమ్ములో మీటింగు.
బాస్కెట్‌బాల్ వల కింద తెర కట్టారు,
తెర మీద రైలు భలే మెరిసిందట.
ఓర్తెన్సియా అనే ముసలామె
చంకలో కోటు పెట్టుకుని లేచి అడిగింది:
"మా దగ్గర ఆగుతుందా?"
"ఆగదమ్మా. ఆగకపోవడమే దాని గొప్ప."
"మరి మాకేం వస్తుంది?"
ప్రొజెక్టరు ఫ్యాను తిరిగింది కాసేపు.
కాజిమీర్ కళ్ళజోడు తుడుచుకుని
మైకు లేకుండానే అన్నాడట:
"చప్పుడు వస్తుంది."

ఆ తర్వాత అతన్ని మీటింగులకి పంపలేదు.
ఆ తర్వాత మీటింగులూ లేవు.

గోడకి మీటరు ఆనించాను. ముల్లు చివరిదాకా పోయింది.
ఫారంలో ఒక గడి: ఈ స్థలం దేనికి వాడుతున్నారు?
పెన్ను పట్టుకుని నిలబడ్డాను.
అప్పుడే గోడవతల
నీలం రైలు పోయింది, నింపాదిగా,
ప్రతి స్టేషన్లో ఆగడానికి.
పటం చివర రెపరెపలాడింది.
ఎర్లీన్ వాచీ చూసుకుంది.
"ఇవాళ మూడు నిమిషాలు లేటు" అని
పంపు దగ్గరికి వెళ్ళి వంగి, చెవి పెట్టి వింది.

పైకెక్కుతూ మెట్లు లెక్కపెట్టాను.
ఎనభై తొమ్మిదే వచ్చాయి.
చెబితే నవ్వింది ఎర్లీన్.
"ఇక్కడ ఎవరి లెక్క వాళ్ళదే" అని
తలుపు మూసి, తాళం వేసి,
లాగి చూసింది రెండుసార్లు.