నువ్వు సచ్చాక నా వంతు

పర్లాకిమిడి. రైలుగేటు దాటాక మూడో దుకాణం.
ముందు సగంలో నా కుట్టుమిషను,
వెనక సగంలో, పాతచీర తెర అవతల,
తమ్ముడు సూరత్ మగ్గాలకి పోతూ ఒగ్గేసిన
రెండు ఆటపెట్టెలు.
గంటకి ఇరవై, అరగంటకి పది.
చిల్లర లేనోళ్ళు నా జాకెట్లకి హుక్కులు కుట్టాలి.

గుంటలు అడుగుతున్నారు:
"అప్పా, కొత్తది ఎప్పుడు తెస్తావు?
అందులో గడ్డి కదుల్తాదంట.
గుర్రానికి చెమట పడతాదంట."
జుగల్ ఒడియాలో అడుగుతాడు, తవిటయ్య తెలుగులో.
గుమ్మ కొండ దిగొచ్చి హాస్టల్లో ఉండే సోంబరు
ఏ భాషలోనూ అడగడు.
గోడ మీది పోస్టరు వంక చూస్తాడు, అంతే.

యాభై ఐదు వేలు.
టేపుతో బతికేదాన్ని, కొలవకుండా ఉండలేను.
గంటకి ఇరవై చొప్పున రెండువేల ఏడువందల యాభై గంటలు.
కరెంటు పోయే సాయంత్రాలు తీసెయ్.
పరీక్షల నెలలు తీసెయ్.
ఆటబిళ్ళ ఒక్కోటీ అయిదువేలట, అది కలుపు.
జాకెట్ల లెక్కన నాలుగువందల యాభై ఎనిమిది,
ఊళ్ళో అన్ని పెళ్ళిళ్ళు లేవు.

అలాగని కొత్తదంటే నాకు పగేం లేదు.
కాలిమిషనుకి మోటారు పెట్టించినప్పుడు
"దండగే" అన్నోళ్ళెవరూ
నా మోకాళ్ళని అడగలేదు.
ఆ రాత్రి కాళ్ళు బారజాపుకుని నిద్రపోయాను.
అందుకే చీటీ పాడేను.
అందుకే బరంపురం బస్సెక్కేను,
నేనే కుట్టుకున్న లోపలిజేబులో డబ్బు పెట్టుకుని.

అద్దాల కొట్టు. టీవీ మా గోడంత.
నల్లసోఫాలో ఒక కుర్రాడు, ఒక్కడే, ఆడుతున్నాడు.
నిజమే, గడ్డి కదిలింది.
వానకి రాయి తడిసింది, కాసేపటికి ఆరింది కూడా.
మహేంద్రగిరి మీద మబ్బు దిగే వేళ వెలుతురు
ఎవరెళ్ళి చెప్పేరో వాళ్ళకి!
నోరు తెరుచుకునే చూశాను, అబద్ధమెందుకు.

అంతలో ఆ కుర్రాడు సచ్చిపోయాడు, ఆటలో.
నేను ఎదురుచూశాను,
పక్కనించి ఒక చెయ్యి వస్తాదని,
"సచ్చేవు కదా, ఇటియ్యి" అంటాదని.
ఏ చెయ్యీ రాలేదు.
అతనే మళ్ళీ బతికేడు. అతనే మళ్ళీ సచ్చేడు.
అన్ని ప్రాణాలూ అతనివే.

"ఎంతమంది ఆడొచ్చు బాబూ?"
"ఎంతమందైనా మేడమ్! ఎవరింట్లోంచి వాళ్ళు."

మా రిమోటుకి ఎడమ బొత్తాం అరిగిపోయింది,
గట్టిగా నొక్కితేగానీ గుర్రం గెంతదు.
ఆ అరుగుదల ఎవరి బొటనవేలిదో నాకు తెలుసు,
ఇప్పుడు ఆటో తోలుతున్నాడు, పిలిస్తే ఆగుతాడు కూడా.
సోంబరు పది రూపాయలిచ్చి అరగంట ఆడతాడు,
రెండు గంటలు చూస్తాడు.
తవిటయ్య గుర్రం కందకం దగ్గరకొస్తే
వీడు ఊపిరి బిగపడతాడు.
చూసినందుకు నేనేమీ తీసుకోను.
దానికి రేటెంతో నాకు తెలీదు.

ఏటి చేశానంటారా?
అయిదువేలు అడ్వాన్సు కట్టొచ్చాను.
మిగతాది రథయాత్ర లోపు.
తప్పో ఒప్పో బస్సులో తేలలేదు,
ఇచ్చాపురం దాకా ఆలోచించి, తర్వాత నిద్రపోయాను.

రసీదు మిషను బల్ల అద్దం కింద పెట్టాను.
జుగల్ దాన్ని మూడుసార్లు పైకి చదివేడు.
తవిటయ్య తేదీలు లెక్కపెట్టి గెంతులేసేడు.
అప్పుడే కరెంటు పోయింది.
గుంటలెవరూ లేవలేదు. తెర వెనక చీకట్లో
బొత్తాలు ఊరికే నొక్కుతున్న చప్పుడు.

అందులోంచి సోంబరు గొంతు,
నా దుకాణంలో వాడడిగిన మొదటి మాట:
"అప్పా, కొత్తదాంట్లో
చూడ్డానికి ఎంత?"

సూదిలో దారం ఎక్కిస్తున్నాను నేను,
కనపడకపోయినా.