మూలన చిన్న అక్షరాలు

స్వాన్సీలో, చేపల కొట్టు పైన రెండు గదులు.
నవంబరు. కోటు విప్పకుండానే
నెరిస్ ఫోన్ చూస్తోంది.

మీగడ రంగు స్వెట్టర్లో ఒక అమ్మాయి,
వెనక మూడు దీపాలు, మూడూ వెలుగుతూనే,
"బాయిలర్ వేడి కాస్త తగ్గించండి ఫ్రెండ్స్,
నాకైతే ఎంత మిగిలిందో!"
మూలన చీమ తలకాయంత: ప్రకటన.

"మనకి బాయిలరేదే?" అన్నాడు ఇయెస్టిన్,
దుప్పట్లోంచి ముక్కొక్కటే బయటపెట్టి.

నెరిస్ నవ్వలేదు.
రెండు వేళ్ళతో ఆ మాటని సాగదీసి చూసింది.
ఈ ముప్ఫై సెకన్లకి ఎంత ముట్టి ఉంటుందో,
అంతా తెచ్చి మన మీటర్లో పోస్తే
ఎన్నాళ్ళు నడుస్తుందో
లెక్క కట్టుకుంటూ పోయి, మార్చి దగ్గర ఆగింది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలట.
సరే.
దీపానికి ముందే డబ్బు కట్టే ఇంట్లో
ఆ సామెత ఎవరి పేరున రాయాలి?

మీటర్లో నాలుగు పౌండ్ల డెబ్బై.
చెప్పింది తప్పని కాదు,
అద్దెకిచ్చిన నోటితో చెప్పిందని.

అయినా లేచింది.
టీవీ ప్లగ్గు పీకింది, కెటిల్ ప్లగ్గు పీకింది,
ఉన్న ఒక్క బల్బూ ఆర్పింది.

చీకట్లో ఇద్దరి మొహాల మీదా
ఆ అమ్మాయి మూడు దీపాల వెలుతురు.