నిద్రలో ఊపిరి లెక్క

బండల పాలిష్ ఫ్యాక్టరీలో పుట్టింది కాబట్టి
దాని పేరు పాలిష్.
తాడిపత్రి బండ మాదిరే బూడిద రంగు,
తడి తగిలితే నల్లగా మెరుస్తాది.

మూడేండ్ల నుంచి దగ్గు.
మెడ ముందుకు సాచి, కడుపు నేలకానించి,
గొంతులో ఏందో ఇరుక్కున్నట్టు.
వెంట్రుకలు కక్కుతాందిలే అనుకున్యాం మొదట్లో.
అనంతపురం డాక్టరమ్మ వీపుమీద గొట్టం పెట్టి
శానాసేపు వినింది.
"ఉబ్బసం. పోయేది కాదు. కాపాడుకోవాల్సిందే."
చంటిబిడ్డల మాస్కొకటి, పంపొకటి రాసిచ్చింది.
దినామూ రెండుపూట్లా
తొడల మధ్య దాన్ని ఇరికించుకొని
పది ఊపిర్లు లెక్కబెడతా.

పోయిన కార్తీకంలో ఈనింది,
సిమెంటు సంచుల వెనక, మూడు పిల్లలు.
పాలిస్తా పాలిస్తా నోరు తెరిచి రొప్పేది.
అవి రొమ్ము వదల్లేదు,
ఇది లేయలేదు.
రెండు పోయినాయి.
మూడోదాన్ని టీ బంకాయన ఎత్తుకపోయినాడు.

ఇప్పుడు మళ్లీ కాలమొచ్చింది.
నేలమీద పొర్లుతా, తోక పక్కకు పెట్టి
పిలుస్తాంది. పిలిచి పిలిచి దగ్గుతాంది.
గోడమీద రెండు గండుపిల్లులు
అప్పులోళ్ల మాదిరి కూచోనుండాయి.

"ఆపరేషన్ చేయొచ్చా మేడమ్?"
"చేయొచ్చు. మత్తులో ఊపిరి బిగుసుకుంటే కష్టం."
"చేయకుంటే?"
"ఈనేటప్పుడు బిగుసుకుంటే ఇంకా కష్టం."
తక్కెడకు రెండు పక్కలా బండలే పెట్టి
ముల్లు యాడుందో నన్ను చెప్పమంటే ఎట్ల?

వాచ్‌మన్ నబీరసూల్ అంటాడు,
"నోరులేనిదాని గర్భసంచి తీపిస్తే ఉసురు తగుల్తాది సార్."
లారీ సుంకన్న అంటాడు,
"పిల్లికి ఇన్ని వేలా?
బండ కోసే ఓబులేసుకు ఒక పంపు కొనీప్పా, పుణ్యం."
ఇద్దరికీ జవాబు చెప్పలేకపోయినా.
ఓబులేసూ ఇట్లే మెడ సాచి దగ్గుతాడు.
ముక్కుకు కట్టిన తువ్వాల సాయంత్రానికి
తెల్లగా గట్టిపడి ఉంటాది.
సుంకన్న మాట ఆ పొద్దునుంచి
నాతోపాటే పండుకుంటాంది.

నాగలచ్చిమి చాట పక్కన పెట్టి చెప్పింది,
"నాకు చేసినప్పుడు మీ నాయన సంతకం పెట్టినాడు.
బడిలో బెంచీలు జరిపి వరసగా పండబెట్టినారు.
దీని గురించన్నా రోంత ఆలోచిస్తాండావు. మేలే."
మెచ్చుకునిందో పొడిచిందో.
ఇరవై ఆరేండ్లైనా ఆమె మాట లోతు నాకు దొరకదు.

డాక్టరమ్మ ఒక పని పెట్టింది.
నిద్రపోయేటప్పుడు నిమిషానికెన్ని ఊపిర్లో రాయి,
వరసగా ఐదు రాత్రులు ముప్పైకి లోపలుంటే తీసుకురా అనింది.
లోడు చీటీల పుస్తకం వెనకపక్క రాసినా:
ముప్పై ఎనిమిది.
నలభై ఒకటి.
ముప్పై మూడు. ఆ దినం కరెంటు లేదు, మిషన్లు నిలిచినాయి.
నలభై.
అప్పుడు తలకెక్కింది నాకు.
బుట్టెత్తుకొని ఇంటికి తెచ్చినా.
వారం గడిచినాక ఒక రాత్రి ఇరవై తొమ్మిది.
నమ్మలేక మళ్లీ లెక్కబెట్టినా.
లారీలకు తూకం రాసే చెయ్యి ఇది,
ఓనరు చెప్తే అర టన్ను అటూ ఇటూ చేసిన చెయ్యి.
ఒక్క ఊపిరి దొంగలెక్క రాయలేకపోయింది.

నిన్నటికి ఐదు రాత్రులు.
రేపు బేస్తవారం, పొద్దున్నే మొదటి బస్సు.
పది తర్వాత ఏమీ పెట్టొద్దన్నారు.
ఖాళీ గిన్నెను ముక్కుతో నూకుతా
నా దిక్కే చూసి చూసి పండుకునింది.
కాగితంలో యజమాని అని ఉన్నకాడ
పేరు రాసినా.
సంతకం ఇంకా పెట్టలేదు.

నాగలచ్చిమి లైటు ఆర్పింది.
చీకట్లో వేలు మడుస్తా పోతాండా,
పంతొమ్మిది, ఇరవై,
ఇది దానిదా, పక్కన పండుకున్న ఆమెదా?
తప్పిపోయినా.
మళ్లీ ఒకటి నుంచి.