నాలుగో బావి

మూత మీద మంచు గడ్డకట్టింది.
కైనూలో మార్చి అంటే ఇంకా చలికాలమే.
వెయిక్కో కెటిల్ తెచ్చి వేణ్ణీళ్లు పోస్తాడు,
పలకరింపు లేదు.
పెట్రోలు బంకు ఆవరణలో ఐదు ఇనుప మూతలు,
ఒక్కోటి సూప్ పళ్లెమంత.
కలప లారీలు వాటి మీంచే దొర్లిపోతాయి.
ఈ బావుల్లో ఎవరూ చేద వెయ్యరు.
మూణ్ణెల్లకోసారి నేనొచ్చి
కుశలం అడుగుతాను.

టేపు దించుతాను.
నీరు తగిలితే ఆగి ఆగి కూస్తుంది,
పెట్రోలు తగిలితే ఊపిరి తీసుకోకుండా.
ఒకటో బావి ఆగి ఆగి.
రెండోదీ అంతే.
మూడోది నిరుటి మాటే మళ్లీ చెప్పింది.
నాలుగో దాంట్లో, ఏడు మీటర్ల లోతున,
ఒకే గుక్కలో, సన్నగా, పొడుగ్గా –
రెండు మిల్లీమీటర్లు.
బార్లీ గింజ మందం.
వెయిక్కో చేతిలో కెటిల్
ఆవిరి మానేసింది.

పాత ట్యాంకులు వాళ్ల నాన్న పాతించినవి.
కర్ర ముంచి కొలిచి
నీలం అట్ట పుస్తకంలో రోజూ రాసేవాడట.
కిందటిసారి ఆ పుస్తకం నా చేతిలో పెట్టి
వెయిక్కో గల్లాపెట్టె వెనక్కి వెళ్లిపోయాడు.
నెలకి నలభై లీటర్ల తరుగు.
పక్కన పెన్సిల్‌తో ఒకే మాట:
ఆవిరి.
పదకొండేళ్లు, ప్రతి నెలాఖరునా,
గుండ్రటి అక్షరాల్లో, ఆవిరి.
ఆయన అబద్ధమాడలేదు. అలాగే నమ్మాడు.
ఆకాశం ఖాతాలో రాసిన అప్పు
నేల మోసింది.

ఈ ఊరి కింద అంతా ఇసుక.
ఎప్పుడో మంచుకొండ కరిగి వెళ్తూ వెళ్తూ
తన నదినొకదాన్ని ఇక్కడ మరిచిపోయింది.
అందులో నీరు ఏడాదికి ఇరవై మీటర్లు నడుస్తుంది,
తొందరేం లేదు దానికి.
నేను బడిలో అక్షరాలు దిద్దుతున్న ఏడు
ట్యాంకు కింద బయల్దేరింది
మొన్నటి చలికాలం
హిల్యా వాళ్ల సౌనా చేరింది.

శనివారం సాయంత్రం.
పొయ్యి మీద కాలిన రాళ్లు.
గరిటెడు నీళ్లు పోసిందట.
లేచిన ఆవిరిలో బంకు వాసన.
ఎనభై రెండేళ్ల ముక్కు
లాబొరేటరీ కంటే ముందు పట్టేసింది.
మునిసిపాలిటీ వాళ్లు ఫోన్లో అన్నారట,
వయసులో అలా అనిపిస్తుందమ్మా అని.
ఆ గదిలోనే పుట్టింది తను.
ఆ నీళ్లతోనే తల్లికి ఆఖరి స్నానం చేయించింది.
ఆ పెన్సిల్ మాట
ఇన్నేళ్లకి ఆమె రాళ్ల మీద
నిజంగానే ఆవిరైంది.

గాజు సీసా అంచుదాకా నింపి,
మూత బిగించి, తలకిందులు చేసి చూస్తాను.
ఒక్క బుడగ ఉన్నా పనికిరాదు.
మంచుపెట్టెలో సర్దుకుంటాను
పది సీసాలు, పది చీటీలు.

హిల్యా వంటింట్లో ఏలకుల రొట్టె, కాఫీ.
పైపు వేశారు కదా, ఇప్పుడు కొళాయి నీళ్లు.
గుక్క తాగి మొహం చిట్లిస్తుంది:
"ఈ నీళ్లకి సొంతూరు లేదమ్మాయ్."
తర్వాత, రొట్టె కోస్తూ,
"నా బావి ఎప్పటికి బాగవుతుంది?"
నా దగ్గర ఒక గ్రాఫుంది.
గీత నెమ్మదిగా కిందికి వాలుతోంది,
నాలుగో బావి దగ్గర తప్ప.
చీటీ మీద తేదీ సరిగ్గా ఉందో లేదో
ఇంకోసారి చూసుకున్నాను.
జవాబు కోసం ఆమె ఆగలేదు.
పెద్ద ముక్క నాకే పెట్టింది.

కొరియర్ ఆఫీసు డెబ్బై కిలోమీటర్లు.
వ్యాన్‌లో ముల్లు ఎర్రగీతకి దిగిపోయింది.
ఇంకో బంకు లేదు ఈ దారిలో.
రెండో పంపు దగ్గర ఆపాను.
వెయిక్కో వచ్చి గొట్టం అందుకున్నాడు.
కొత్త ట్యాంకులకి రెండు గోడలు,
మధ్యలో అలారం,
అదంతా నాకు తెలిసినా మళ్లీ చెప్పాడు.
టక్కున ఆగింది మీటరు.
నలభై లీటర్లు.
ఇద్దరం ఆ అంకెని చూస్తూ నిలబడ్డాం.
నేను రసీదు అడగలేదు.