గిద్దలో సగం

ఎనిమిది వందల మందికి ఎన్ని పడుల బియ్యమో
కాగితం అడక్కుండా నోటితో చెప్పేవాణ్ణి.
పొద్దుటి ముహూర్తమైతే ఇంత, రాత్రి రిసెప్షనైతే ఇంత,
పెండ్లికొడుకు పలమనేరు పక్కోడైతే
ఇంకో రెండు బుట్టలు ఎక్కువే వార్చమని.
మిట్టూరు మొత్తానికీ నా చెయ్యే కొలత.

ఇప్పుడు నా కొలత
దగ్గుమందు సీసా మూత.

వేలూరులో కోసి, కుట్టి పంపించినారు.
"అరటిపండంత మిగిల్చాం" అన్నాడు డాక్టరు.
ఏ అరటిపండో చెప్పలేదు.
అమృతపాణా, ఏలక్కా అని
దారి పొడుగునా కార్లో వల్లెమ్మను అడగతానే వచ్చినాను.
నేను నవ్వితే కుట్లు లాగుతాయని
ఆమే నవ్వు బిగబట్టుకునింది.

మొదటి వారం నీళ్లు.
గుక్క కాదు, చుక్క.
రెండో వారం కందికట్టు, అదీ గుడ్డలో వడగట్టి.
నా ఇంట్లో, నేను,
పప్పు పక్కన పెట్టి నీళ్లు తాగినాను!
తినేటప్పుడు తాగకూడదు,
తాగేటప్పుడు తినకూడదు,
నడుమ అర్ధగంట.
ఆ అర్ధగంట గోడ గడియారం ఎదురుగా
కుప్పం బస్సు తప్పిపోయినోడి మాదిరి కూర్చుంటాను.

నిండడమంటే నాకు తెలుసనుకున్నాను.
బెల్టు ఒక బొక్క వదులు చెయ్యడం,
ఆకు మడిచి, ఎడమ చెయ్యి నేలకు ఊతమిచ్చి లేవడం,
వీధి చివరిదాకా వినబడే త్రేన్పు.
ఇప్పుడది ఎట్లొస్తుందంటే,
రొమ్మెముక కింద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు.
ముక్కు కారతాది.
ఒక తుమ్ము.
అంతే.
దాని మీద ఇంకొక్క చెంచా పడిందా,
బాత్రూము గోడ పట్టుకుని నిలబడాల్సిందే.

ఐదో వారంలో నిలబడినాను.
రాగి సంగటి, ఊరిబిండి.
కుక్కరు విజిలేస్తే వల్లెమ్మ లోపలికి పోయింది,
నేను ఆమె తట్టలోంచి గోలీ అంత తుంచుకున్నాను.
ముప్పై ఏండ్లు తలకాయంత ముద్దలు తిప్పిన చెయ్యి
గోలీ కోసం దొంగదయింది.
మొదటి గోలీ పోయింది.
రెండోదానికి
లోపలి అరటిపండు ఊరుకోలేదు.
వీపు నిమరతా ఆమె ఒక్క మాటా అనలేదు.
తట్ట మాత్రం మరుసటి రోజు నుంచి
వంటింట్లోనే ఖాళీ చేసుకుని వస్తా ఉంది.

ఆకలి లేదు. అదీ నా ఇబ్బంది.
పొద్దున ఏడైతే ఆకలి రాదు గానీ
చేతులు ఊరికే ఉన్నాయని గుర్తొస్తుంది.
కడుపు చిన్నదయింది,
కండ్లు ఇంకా పాత కడుపుతోనే చూస్తాయి,
సంతలో పచ్చి చెనిక్కాయల బస్తా ముందర
నన్ను వదిలేసి అవే ఆగిపోతాయి.
ఇంటికి ఎవరొచ్చినా తట్ట నిండా పెట్టించి
ఎదురుగా కూర్చుంటాను.
"ఇంకొంచెం వేసుకోండి" అంటాను.
వాళ్లు వద్దంటే నాకు కోపం.

ఏడో వారం మళ్లీ పొయ్యి దగ్గరికి పోయినాను,
కాణిపాకం రోడ్డులో కల్యాణమండపం.
చెంగల్రాయుడు గరిటె తెచ్చినాడు,
"ఉప్పు చూడు మాస్టరూ."
అరచేతిలో సాంబారు, నాలుగు చుక్కలు.
తర్వాత రసం.
తర్వాత వంకాయ ముక్క, నాలిక మీద నలిపి నలిపి.
పాయసం వాసన చూసి చెప్పినాను, యాలకులు తక్కువని.
ముక్కు కారింది.
"కారం ఎక్కువయిందా?" అన్నాడు వాడు.
లేదురా, చాలు, అన్నాను.
ఏది చాలో వాడు అడగలేదు.

రెండో బంతిలో అన్నం చాలలేదు.
ముప్పై ఏండ్లలో అదే మొదలు.
గుండిగ అడుగున గరిటె గీరుకున్న చప్పుడు
మండపం అంతా వినింది.
మనిషి ఎంత తింటాడో
మరిచిపోయినాను.

ఇంకో పది పడులు కడగమని కేకేసి
పొయ్యి నేనే రాజేసినాను.