గీతలు తుడిచే రాత్రి

రెండాటలకూ ఒక్కటే పేరట, ఫుట్‌బాల్.
ఒకదాంట్ల బంతి గుమ్మడికాయ,
ఇంకోదాంట్ల దోసకాయ.
దోసకాయను చంకల పెట్టుకొని ఉరుకుతరు,
మరి దానికి కాలు పేరెందుకో
నేనెప్పుడూ అడుగలే.
నా పని గీతలు గీసుడు.

సోహార్ శివార్ల, ఉప్పుగాలి కొట్టే కాడ
కొత్త స్టేడియం లేచింది.
కుర్చీల మీది ప్లాస్టిక్ కవర్లింక తియ్యనే లేదు,
పంచాయితీ షురువైంది:
గుమ్మడికాయోళ్లకు ఇయ్యాల్నా
దోసకాయోళ్లకు ఇయ్యాల్నా
ఇద్దర్నీ ఒక్క గడ్డి మీద ఉంచాల్నా.

మున్సిపాలిటోళ్ల ఏసీ రూముల
హమూద్ సారు బల్ల గుద్దిండు:
నూరు కిలోల మనుషులు కుప్పలు కుప్పలు పడితే
గడ్డి ఏర్లతోని లేస్తది,
నా పిలగాండ్ల మడమలు మడతబడతయ్.
డెవాల్డ్ సారు మెల్లగ అన్నడు:
వారంల ఒక్క పొద్దు ఆడి
ఆరు దినాలు తాళమేసే నేలకు
ఎడారిల ఇన్ని నీళ్లా?
ఇద్దరి మాటా నాకు సరైందే అనిపించింది.
నేను దర్వాజ కాడ నిలవడ్డ,
బూట్ల మన్ను కార్పెట్‌కు అంటకుండ
వేళ్ల మీద.

సూపర్‌వైజర్ సునోజ్ నా దిక్కు చెయ్యి చూపిండు.
ఒక ఆట గీతలు తుడిచి ఇంకో ఆట గీతలు గియ్యాల్నంటే
ఎన్ని గంటలు?
నాలుగు, అన్న.
ఆ తర్వాత గడ్డికి ఒక రాత్రి నిద్ర గావాలె, అన్న.
నాలుగు అని రాసుకున్నరు.
నిద్ర మాట ఎవ్వలూ రాసుకోలే.

మా కోరుట్ల దిక్కు
గెట్టు జానెడు జరిగిందని
మా చిన్నాయన ఏడేండ్లు కోర్టుకు తిరిగిండు,
ఎద్దులమ్మి వకీలుకు కట్టిండు.
ఇక్కడ గెట్లన్నీ నా చేతులనే ఉన్నయ్.
బ్రష్షుతోని రుద్ది, పైపుతోని కొట్టి
పెనాల్టీ డబ్బాను మాయం జేస్త,
దాని మీద కొత్త గీత దారం పట్టి గీస్త.
తడిల కొద్దిసేపు పాత గీత ఊపిరి తీసినట్టు కనవడ్తది.
ఆకుపచ్చ రంగు కొడితే అదీ పోతది.

తీర్పొచ్చింది: ఇద్దరూ ఉండాలె.
శుక్రవారం గుమ్మడికాయ, శనివారం దోసకాయ,
నడుమ రాత్రి నాది.
చప్పట్లు కొట్టిండ్రు, ఖర్జూరాలు పంచిండ్రు.
నాకూ రెండొచ్చినయ్.

క్యాంపుల మా రూము పద్నాలుగు మందిది,
మంచాలు పది.
కిటికీ కాడి కింది మంచం
పగలు మొఫిజుల్‌ది, రాత్రి నాది.
అతను పోర్టుల రాత్రి డ్యూటీ.
మూడేండ్లాయె, అతని మొఖం సక్కగ తెల్వది.
దిండుకంటిన నూనె వాసన తెలుసు,
నేను లేసినంక
నా వెచ్చదనంల వచ్చి పండుకుంటడని తెలుసు.
ఈద్‌కు దిండు కింద సేమియా డబ్బా పెట్టి పోయిండు.
దసరాకు నేను జేబురుమాలు పెట్టిన.
దీనికెవ్వలూ మీటింగు పెట్టలే.

మొదటి శుక్రవారం రాత్రి
గోల్ వలలు విప్పిన, ఎత్తు కంబాలు దింపిన,
గీతలన్నీ మార్చి,
నడుం పట్టేసి,
తెల్లారి ఆరింటికి రూముకొచ్చిన.
మంచం మీద ఒక మనిషి కూసున్నడు.
గడ్డం ల కొంచెం తెలుపు,
ఎడమ చెవికి పాత గాటు.
మొఫిజుల్? అన్న.
నాకన్నా చిన్నోడనుకున్న ఇన్నేండ్లు.
అతనూ నన్నట్లనే చూస్తుండు,
చేతులకంటిన తెల్లరంగు దిక్కు.

పరుపుకు నడుమ కుట్టు ఉంటదని
గప్పుడే చూసిన.
అతను గోడ దిక్కు జరిగిండు.
నేనంచుకు ఒరిగిన.
ఇద్దరం కండ్లు తెరిచే ఉన్నం,
పక్కకు తిరిగితే ఎవ్వలికి తాకుతదో అని.

సాయంత్రం మైదానంల
పెద్దమనుషులు కుప్పగ పడ్డరు,
నేను గీసిన గీత నలుగురి మోకాళ్లకంటింది.
జనం లేసి అరిసిండ్రు.
నేను అటేపు చూడలే,
వచ్చే శుక్రవారం లెక్క పెడుతున్న.